మూకీ కాలపు నటి జీవితచరిత్ర రాయడం ఎలా: సులోచన ఉదాహరణగా

మూకీ చిత్రాల్లో నటించిన ఒక స్త్రీ గురించి తెలుగులో వ్యాసం రాయాలని కూర్చున్నవారికి మొట్టమొదట ఎదురయ్యే కష్టం ఏమిటంటే, ఆమె చేసిన పని దాదాపుగా కంటికి కనబడదు. మన దేశంలో 1913 నుంచి 1934 దాకా 1,300కు పైగా మూకీలు తయారైతే, ఇవాళ చూడడానికి మిగిలినవి పదుల సంఖ్యలోనే ఉన్నాయి. నైట్రేట్ ఫిల్ముకు నిప్పంటుకునే గుణం ఉండడం, ఉక్కపోత వాతావరణంలో అది జిగురుగా మారి పొడిగా రాలిపోవడం, ఆడి అయిపోయిన ప్రతులను కరిగించి వెండి తీసుకోవడం, టాకీలు వచ్చాక వీటిని దాచడం దండగని అందరూ అనుకోవడం, ఇవన్నీ కలిసి ఒక తరం నటీనటుల శ్రమను తుడిచిపెట్టాయి. కాబట్టి ఇలాంటి వ్యాసం రాయడమంటే కాగితాల మీద మిగిలిన చిన్నచిన్న ఆనవాళ్లను ఏరి, ఒకదానితో ఒకటి సరిచూసి, ఒక పనిమంతురాలి పనిని మళ్లీ నిలబెట్టడం. ఆ పద్ధతిని గాలిలో చెప్పకుండా, మూకీ కాలంలో బొంబాయి చిత్రాలలో అత్యంత ప్రజాదరణ పొందిన సులోచన జీవితాన్ని ముందు పెట్టుకుని వివరిస్తాను.

ముందు పేర్లు తేల్చుకోవాలి

సులోచన అసలు పేరు రూబీ మైయర్స్. 1907లో పుణెలో, బాగ్దాదీ యూదుల కుటుంబంలో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేశారు. కోహినూర్ ఫిల్మ్ కంపెనీలో దర్శకుడిగా ఉన్న మోహన్ భవనాని నటించమని అడిగితే ఆమె మొదట ఒప్పుకోలేదని, తర్వాత అంగీకరించారని ఆమె గురించి రాసినవారంతా చెబుతారు. తెర మీద పేరు సులోచనగా మారింది.

వెతుకులాట మొదలుపెట్టగానే ఈ పేరు దగ్గరే దారి తప్పుతాము. తెలుగువారికి సులోచన అనగానే ఇంద్రజిత్తు భార్య, ఆమె కథతో వచ్చిన పౌరాణికాలు గుర్తుకొస్తాయి. హిందీ, మరాఠీ చిత్రాల్లో తల్లి పాత్రలకు పేరుపడ్డ సులోచనా లాట్కర్ వేరే వ్యక్తి. ఆమె పుట్టేనాటికే మన సులోచన తారగా వెలుగుతున్నారు. ఇద్దరి ఫొటోలూ, ఇద్దరి చిత్రాల జాబితాలూ కలిసిపోయిన వ్యాసాలు ఎన్నో కనిపిస్తాయి. అందువల్ల నోటుపుస్తకంలో మొదటి పేజీని పేర్ల కోసమే కేటాయించండి. రూబీ మైయర్స్, రూబీ మేయర్స్, మిస్ సులోచన, సులోచన సీనియర్, ఇలా కనబడ్డ ప్రతి రూపాన్నీ రాసి, అది ఏ సంవత్సరపు ఏ కాగితంలో కనబడిందో పక్కనే గుర్తు పెట్టుకోవాలి. 1950 తర్వాతి చిత్రంలో సులోచన అన్న పేరు కనబడితే, ఆమె ముఖాన్ని చూసి ధ్రువపరచుకునే దాకా దాన్ని జాబితాలో చేర్చకూడదు.

పేరు మార్చుకున్నారని ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్లిపోవడం కూడా సరికాదు, ఎందుకంటే ఆ మార్పులోనే ఆ కాలం మొత్తం దాగి ఉంది. 1913లో ఫాల్కే తీసిన తొలి చిత్రంలో తారామతి పాత్రను సాలుంకే అనే పురుషుడు ధరించవలసి వచ్చింది. మర్యాదస్తుల ఇంటి ఆడవాళ్లు కెమెరా ముందుకు రావడం తప్పుగా భావించిన ఆ రోజుల్లో, ఆంగ్లో ఇండియన్, యూదు కుటుంబాల యువతులు ముందుకొచ్చి ఆ ఖాళీని నింపారు. రెనీ స్మిత్ సీతాదేవి అయ్యారు, ఎఫీ హిపోలెట్ ఇందిరాదేవి అయ్యారు, ఐరిస్ గాస్పర్ సబితాదేవి అయ్యారు. పురాణ పాత్రలూ రాజపుత్ర వీరవనితల పాత్రలూ వేసేవారికి అలాంటి పేర్లుంటేనే ప్రేక్షకులు ఒప్పుకుంటారని కంపెనీలు నమ్మాయి. ఈ నేపథ్యాన్ని మూడు నాలుగు వాక్యాల్లో చెబితే, రూబీ సులోచనగా ఎందుకు మారారో పాఠకులకు తేటగా తెలుస్తుంది.

చిత్రాల పట్టికను కంపెనీల వారీగా కట్టాలి

సంవత్సరాల వరుసలో పట్టిక కట్టడం సులువే గాని, మూకీల విషయంలో అది తరచుగా తప్పుదోవ పట్టిస్తుంది. ఒకే చిత్రానికి ఒక చోట 1925 అనీ, ఇంకో చోట 1926 అనీ ఉంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేకపోవచ్చు. సెన్సారు సర్టిఫికెట్టు వచ్చిన తేదీ ఒకటి, బొంబాయిలో విడుదలైన తేదీ ఒకటి, ఆ ప్రతి ఊళ్లు తిరిగి తిరిగి మద్రాసుకో బెజవాడకో చేరిన తేదీ మరొకటి. అందుకే ముందు కంపెనీలను పట్టుకోవాలి; ఎవరి దగ్గర నెలజీతానికి ఉన్నారో తెలిస్తే, ఆ చిత్రం ఎప్పటిదై ఉంటుందో అంచనా కుదురుతుంది.

సులోచన విషయంలో ఇది చక్కగా పనిచేస్తుంది. కోహినూరులో 1925 నాటి వీర్‌బాలతో మొదలై, చందూలాల్ షా దర్శకత్వంలో 1926లో వచ్చిన టైపిస్ట్ గర్ల్ మీదుగా తొలి దశ నడిచింది. తర్వాత అర్దేషిర్ ఇరానీ నెలకొల్పిన ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీలో ఆర్.ఎస్. చౌదరి దర్శకత్వం వహించిన మాధురి (1928), అనార్కలి (1928), ఇందిర బి.ఎ. (1929) ఆమెను శిఖరానికి చేర్చాయి. ఈ పేర్లు వరుసగా చదివినా ఒక విషయం తడుతుంది. టైపిస్టు, పట్టభద్రురాలు, మొగలు దర్బారు నర్తకి: ఉద్యోగం చేసుకునే పట్నపు పిల్లనూ, చరిత్రలోని విషాద నాయికనూ ఒకే ముఖంలో చూడడానికి ఆనాటి జనం డబ్బులిచ్చి వచ్చారు. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసిన యువతి తెర మీద టైపిస్టుగా కనబడడం నాకు చాలా ఇష్టమైన వివరం, దాన్ని వ్యాసంలో వదిలిపెట్టకూడదని నా అభిప్రాయం.

తేదీలకు ఆధారంగా పనికొచ్చేవి రెండు రకాల కాగితాలు. ఒకటి, దినపత్రికల్లోని సినిమా ప్రకటనలు. రెండోది, 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్ నగరాల్లో 1920లో ఏర్పడ్డ సెన్సారు బోర్డుల జాబితాలు. ఈ జాబితాల్లో చిత్రం పొడవును అడుగుల్లో ఇస్తారు. చాలామంది దాన్ని అనవసరమని వదిలేస్తారు గాని, ఒక్క ప్రతి కూడా మిగలని చిత్రానికి ఆ అంకె ఎంతో విలువైనది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములుంటాయి. మూకీలను ఇంచుమించు సెకనుకు 16 ఫ్రేముల వేగంతో ఆడించినట్లు లెక్కిస్తే, ఒక్కో అడుగుకు ఒక్కో సెకను పడుతుంది. అంటే 9,000 అడుగుల చిత్రం 9,000 సెకన్లు, అనగా రెండున్నర గంటలు ఆడుతుంది. అదే ప్రతిని టాకీల వేగమైన 24 ఫ్రేములతో తిప్పితే నూరు నిమిషాల్లో అయిపోతుంది. యంత్రం చేత్తో తిప్పే రోజుల్లో వేగం ఊరికీ ఊరికీ మారేది కనుక, నిడివిని నిమిషాల్లో ఖాయంగా చెప్పకుండా, అడుగులను ఇచ్చి, సుమారుగా ఇంత సేపు ఆడి ఉంటుందని రాయడమే న్యాయం.

ఒక్క కథను పట్టుకుని మూడు దశలు చూపవచ్చు

జీవితం పొడవునా విస్తరించిన వృత్తిని చెప్పేటప్పుడు, పాఠకుల చేతికి ఒక దారం అందిస్తే మేలు. సులోచనకు ఆ దారం అనార్కలి. ఇమ్తియాజ్ అలీ తాజ్ నాటకం తర్వాత ఆ కథకు గిరాకీ పెరిగి, 1928లో రెండు కంపెనీలు ఒకేసారి దాని మీద పడ్డాయి. ఒకరు సీతాదేవిని నాయికగా పెట్టి పెద్ద ఎత్తున తీస్తుండగా, ఇంపీరియల్ వారు సులోచనతో చకచకా తీసి ముందుగా విడుదల చేశారు. పరుగు పందెంలా తీసినదైనా ఆ చిత్రమే జనాన్ని గెలిచింది. 1935లో అదే కథ టాకీగా వస్తే, అందులోనూ ఆమే అనార్కలి. 1953లో బీనా రాయ్ నాయికగా హిందీలో మళ్లీ వచ్చినప్పుడు, సులోచన సలీం తల్లి జోధాబాయిగా నటించారు. ఆ తర్వాత రెండేళ్లకు, 1955లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు నటించగా మన తెలుగు అనార్కలి వచ్చింది.

ఈ వరుసను వ్యాసంలో నడిపిస్తే, మూకీ తార, టాకీ తార, వయసు మళ్లిన సహాయనటి అనే మూడు దశలూ వేరే ఉపోద్ఘాతం లేకుండానే కనిపిస్తాయి. తెలుగు అనార్కలిని తల్లిదండ్రుల నోట విన్న పాఠకులకు, ఆ కథకు తెర మీద పాతికేళ్ల ముందటి ముఖం ఒకటుందన్న సంగతి కూడా చేరుతుంది. మీరు ఎంచుకున్న నటికి ఇలాంటి దారం ఏదో వెతకండి. ఒకే పాత్ర కావచ్చు, ఒకే దర్శకుడు కావచ్చు, ఒకే జంట కావచ్చు.

కనబడని నటనను వర్ణించే పద్ధతి

ఇది అన్నిటికన్నా కఠినమైన భాగం. చిత్రం లేదు, చూసినవారు లేరు. అలాంటప్పుడు అద్భుతంగా నటించారు, కళ్లతోనే భావాలు పలికించారు అని రాస్తే అది అబద్ధమే అవుతుంది. చూడనిదాన్ని చూసినట్లు రాయకూడదు. అయినా చెప్పదగినవి కొన్ని ఉంటాయి.

మొదటిది, ప్రచార ఫొటో. దాన్ని చేతిలోకి తీసుకుని నిదానంగా చూడండి. పెదవులు ఎందుకంత నల్లగా ఉన్నాయి? లేత నీలి కళ్లవాళ్ల కనుపాపలు ఎందుకు వెలిసిపోయినట్లుంటాయి? ఆ రోజుల్లో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు రంగు ఆనదు, నీలం మాత్రం అతిగా ఆనుతుంది. ఎర్రటి రంగు పూసిన పెదవి నల్లగా పడుతుంది, చర్మం మీది ఎర్రని చారలు మచ్చలుగా తేలతాయి. అందుకే నటీనటులు ముఖానికి మందంగా తెల్లని, పసుపుపచ్చని పూతలు వేసుకుని, కనుబొమలు గీసుకుని, మండే ఎండలోనో కళ్లు కుట్టే ఆర్క్ దీపాల ముందో నిలబడేవారు. ఫొటోలో కనిపించే ఆ ముఖం వెనుక ఎంత పని ఉందో ఇలా చెబితే, పొగడ్త లేకుండానే గౌరవం దక్కుతుంది.

రెండోది, పాత్రల వివరం. 1927 నాటి వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబేలో సులోచన ఎనిమిది వేషాలు వేశారు. వాటిలో తోటమాలి, పోలీసు, అరటిపళ్లు అమ్మే మనిషి, బంగారు జుట్టు యూరోపియన్ యువతితో పాటు ఒక హైదరాబాదీ పెద్దమనిషి వేషం కూడా ఉంది. ఇరవై ఏళ్ల అమ్మాయి మగవేషాల్లోకి, వేరే వేరే కులవృత్తుల్లోకి, వేరే వేరే వయసుల్లోకి మారుతూ పోవడమనే ఈ ఒక్క వాస్తవం ఆమె ధైర్యాన్నీ, దర్శకుడు ఆమె మీద ఉంచిన నమ్మకాన్నీ చెబుతుంది. దానికి విశేషణాలు తగిలించనవసరం లేదు.

మూడోది, ప్రదర్శన జరిగిన తీరు. మూకీలో మాటలు టైటిల్ కార్డుల మీద వచ్చేవి. ఒకే కార్డులో రెండు మూడు భాషలు ఉండేవి. చదువురాని ప్రేక్షకుల కోసం హాల్లో ఒక మనిషి నిలబడి వాటిని గట్టిగా చదివి, కథను వివరించేవాడు. తెర ముందు హార్మోనియం, తబలా మోగుతుండేవి. బొంబాయిలో తీసిన చిత్రం తెలుగునాట ఆడగలగడానికి కారణం ఇదే. సులోచన మాట్లాడే భాష ఏదన్న ప్రశ్నే అక్కడ రాలేదు.

నాలుగోది, మిగిలి ఉన్న సమకాలీన చిత్రాలు. ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకత్వంలో 1929లో వచ్చిన ప్రపంచ పాశ్ పూర్తిగా దొరుకుతుంది. అందులో సీతాదేవిని చూస్తే, ఆనాటి నటనలో నడక ఎలా ఉండేది, దగ్గరి షాటులో ముఖం ఎంత నిశ్చలంగా ఉంచేవారు అన్నది తెలుస్తుంది. అది చూశాక సులోచన గురించి రాసే కలం తప్పకుండా మారుతుంది. ఐతే సీతాదేవిలో చూసినదాన్ని సులోచనకు అంటగట్టకండి.

జీతం కథను లెక్క వేసి చూడాలి

సులోచన గురించి చదివినవారందరికీ గుర్తుండిపోయే మాట ఒకటుంది: ఆమెకు నెలకు 5,000 రూపాయలు వచ్చేవని, అది బొంబాయి గవర్నరు జీతం కన్నా ఎక్కువని. వినసొంపుగా ఉంటుంది, అందుకే ఒకరి నుంచి ఒకరు తీసుకుని రాస్తూ పోయారు. కానీ గవర్నరు జీతం రహస్యమేమీ కాదు, చట్టంలోనే రాసి ఉంది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం మూడో షెడ్యూలు ప్రకారం బొంబాయి, మద్రాసు, బెంగాల్ గవర్నర్ల వార్షిక వేతనం 1,20,000 రూపాయలు. నెలకు 10,000. అంతకు ముందు, 1919 చట్టంలో ఉన్న గరిష్ఠ మొత్తం 1,28,000, అంటే ఇంకా ఎక్కువ. నెలకు 5,000 చొప్పున సులోచనకు ఏడాదికి వచ్చేది 60,000. గవర్నరు జీతంలో సగం.

కనుక ఆ పోలిక నిలవదు. అంతమాత్రాన ఆ కథను వ్యాసం నుంచి పూర్తిగా తీసేయమని నేను చెప్పను. ఒక టెలిఫోన్ ఆపరేటరు ఏడెనిమిదేళ్లలో గవర్నరు జీతంలో సగం సంపాదించే స్థితికి వచ్చిందంటే అది చిన్న విషయమా? జనం ఆమెను గవర్నరుతో పోల్చాలనుకున్నారన్నది కూడా చరిత్రే. వ్యాసంలో ఇలా రాయవచ్చు: ఆమె జీతం 5,000 అని చెబుతారు; గవర్నరును మించిందన్న ప్రచారం ఉంది గాని, చట్టంలోని అంకెతో అది పొసగదు. ఇలా రాస్తే ఆమె గొప్ప తగ్గదు, మీ వ్యాసం మీద నమ్మకం పెరుగుతుంది. ఏ దంతకథ ఎదురైనా మొదట అందులో అంకె ఉందా అని చూడండి. అంకె ఉంటే దాన్ని సరిచూసే కాగితం ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది.

టాకీల మలుపు

1931 మార్చి 14న విడుదలైన ఆలం ఆరా, అదే ఏడాది వచ్చిన కాళిదాసు, రెండూ ఇంపీరియల్ వారివే. తెలుగు మాటలు తొలిసారి తెర మీద వినిపించిన కాళిదాసుకు దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. ఎల్.వి. ప్రసాద్ ఆలం ఆరాలో చిన్న వేషం వేశారు. అంటే తెలుగు సినిమాకు పునాది వేసినవారు పనిచేసిన ఆ కంపెనీలోనే, అప్పటికి అత్యధిక జీతం తీసుకుంటున్న తార సులోచన. ఆలం ఆరాలో నాయిక మాత్రం జుబేదా. సులోచనకు హిందుస్తానీ ధారాళంగా రాదు.

సాధారణంగా వ్యాసకర్తలు ఇక్కడే టాకీలు ఆమెను మింగేశాయని ఒక విషాద వాక్యం రాసి, నేరుగా వృద్ధాప్యానికి దూకుతారు. మీరు పట్టికను తెరవండి. ఆమె ఏడాది పాటు ఆగి భాష నేర్చుకున్నారు. 1932లో మాధురి టాకీగా వచ్చింది. 1934లో ఇందిర ఎం.ఎ. వచ్చింది, బి.ఎ. చదివిన నాయిక ఐదేళ్లలో ఎం.ఎ. అయిందన్నమాట. 1935లో అనార్కలి, 1936లో పాత వైల్డ్‌క్యాటే బంబాయీ కీ బిల్లీ. తన మూకీ విజయాలను ఒక్కొక్కటిగా తిరిగి తీసుకుని, వాటికి తన గొంతు చేర్చుకుంటూ పోయిన నటిని టాకీలు మింగేశాయనడం ఎలా కుదురుతుంది? డి. బిల్లిమోరియా జంటగా ఆ దశాబ్దమంతా నాయికగా నిలిచారు, రూబీ పిక్స్ పేరుతో సొంత సంస్థ కూడా పెట్టారు. ఆ తర్వాత కొత్త గొంతులు, కొత్త ముఖాలు వచ్చాయి, అవకాశాలు తగ్గాయి. తగ్గుదల నిజమే. అది ఎప్పుడు మొదలైందన్నది మాత్రం పట్టికే చెప్పాలి.

చివరి దశను క్లుప్తంగా, ఉన్నది ఉన్నట్లు రాయడం మంచిది. ఆమె చిన్న పాత్రల్లో చాలా ఏళ్లు పనిచేశారు. 1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. దేవికారాణి తర్వాత ఆ గౌరవం పొందిన రెండో మహిళ. ఆ మరుసటి ఏటి పురస్కారం మన బి.ఎన్. రెడ్డికి వచ్చింది. 1983లో బొంబాయిలో కన్నుమూశారు.

ఎక్కడ వెతకాలి

పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ప్రచార ఫొటోలు, కరపత్రాలు, పాత పత్రికలు ఉంటాయి. వెళ్లే ముందు మీకు కావలసిన చిత్రాల పేర్లు, కంపెనీల పేర్లు, సుమారు సంవత్సరాలు రాసి పంపితే పని తేలికవుతుంది. 1927-28లో రంగాచారి అధ్యక్షతన పనిచేసిన సినిమాటోగ్రాఫ్ కమిటీ 353 మంది సాక్షులను విచారించింది. ఆ సాక్ష్యాల సంపుటాల్లో నిర్మాతలు, హాళ్ల యజమానులు, ప్రేక్షకులు చెప్పిన మాటలు ప్రశ్న జవాబుల రూపంలోనే ఉన్నాయి. ఆ కాలపు వాతావరణం తెలుసుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. 1935లో మొదలైన ఫిల్మ్ ఇండియా పత్రిక సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవవచ్చు, ఐతే అవి ఆమె టాకీ రోజులకే పనికొస్తాయి.

తెలుగు పత్రికలను కూడా తప్పక చూడాలి. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలోనే ప్రారంభించి తర్వాత మద్రాసుకు తరలించిన ఆంధ్రపత్రిక, బందరు కృష్ణాపత్రిక, 1924 నుంచి వచ్చిన భారతి, వీటి పాత సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల కాగితం ప్రతులు ఉన్నాయి. ప్రకటనల పేజీలను వదలకండి. ఏ ఊళ్లో, ఏ టెంటు హాల్లో, ఎంత టిక్కెట్టుతో ఆ చిత్రం ఆడిందో అక్కడే దొరుకుతుంది. పేజీని ఫొటో తీసుకునేటప్పుడు పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య కనబడేలా తీసుకోండి. కత్తిరించిన బొమ్మ ఆరు నెలల తర్వాత ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

ఈ పద్ధతి ఒకసారి చేతికి అలవాటయ్యాక, మనకు మరింత దగ్గరి పని ఒకటి ఎదురు చూస్తోంది. రఘుపతి వెంకయ్య కుమారుడు ప్రకాశ్ మద్రాసులో తీసిన మూకీ భీష్మ ప్రతిజ్ఞలో గంగ పాత్రను పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతి వేశారని మన సినిమా చరిత్రల్లో ఒక వాక్యం ఉంటుంది, ఆ వాక్యంతోనే ఆమె ప్రస్తావన ముగిసిపోతుంది. కొత్త నోటుపుస్తకం తీసి, మొదటి పేజీలో ఆమె పేరును దొరికిన అన్ని రూపాల్లో రాసి, 1921 నాటి మద్రాసు పత్రికల ప్రకటనల పేజీల నుంచి మొదలుపెట్టవచ్చు.